టీ మరిగేలోగా ముగిసిన కుస్తీ

"అదంతా ముందే రాసిపెట్టుకుని ఆడే నాటకమట కదా, ఇంకా దేనికి చూడటం?" అన్నాడు భర్త, ఇస్త్రీ అయిన చొక్కా అందుకుంటూ.

ఆమె తలెత్తలేదు. ఇస్త్రీ బల్ల చివర నీళ్ళసీసాకి ఆనించిన ఫోన్లో కుస్తీ నడుస్తోంది. తాళ్ళ మధ్య ఇద్దరు బండమనుషులు ఒకరినొకరు పెనవేసుకుని ఉన్నారు. ఆమెకి ఒక కన్ను వాళ్ళ మీద, ఒక కన్ను కాలరు మీద. ఈ మాట ఆయన పెళ్ళయిన ఏడాదే మొదటిసారి అన్నాడు. అప్పట్నుంచి ఎప్పుడన్నా సరే, అప్పుడే తెలిసిన రహస్యం ఆమె చెవిన వేస్తున్నట్టే అంటాడు. మొదట్లో జవాబిచ్చేది. "నాటకమని నాకూ తెలుసండీ, బాగా ఆడుతున్నారా లేదా అనే చూస్తున్నాను" అనేది. ఆయన నవ్వేవాడు. పిల్లలు మట్టితో వంట చేసి ముందు పెడితే పెద్దవాళ్ళు తిన్నట్టు నటించి నవ్వుతారే, ఆ నవ్వు. ఆయన అభిమానించే జట్టు క్రికెట్‌లో ఓడిన రోజున మాత్రం ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఆయన భోజనం మానేసి పడుకుంటాడు, పాపం మనసు బాలేదని అత్తగారు తలుపు దగ్గరగా వేస్తుంది. అది ఆట మీద ప్రేమ. ఈమెది పిచ్చి.

ఆ పిచ్చి ఆమెకి అంటించింది అమ్మమ్మ. పళ్ళన్నీ ఊడిపోయిన ముసలావిడ మంచం అంచున కూర్చుని, టీవీలో రిఫరీని పట్టుకుని తిట్టేది. "వెనకాల వాడు కుర్చీ ఎత్తుతున్నాడురా గుడ్డి వెధవా, అటు చూడు." మనవరాలు పక్కనే కూర్చుని తనూ తిట్టేది. తిట్టడానికి అనుమతి ఉన్న ఒకే ఒక్క గంట అది. బళ్ళో ఎవరో పిల్ల, అవన్నీ దొంగ దెబ్బలని, గెలిచేదెవరో ముందే అనుకుంటారని చెప్తే, ఏడుస్తూ ఇంటికొచ్చి అమ్మమ్మతో చెప్పింది. అమ్మమ్మ ఏమీ కంగారు పడలేదు. "అయితే మాత్రం? పడేది నేల మీదే కదే" అంది.

అప్పట్నుంచీ ఆమె కొట్టేవాణ్ణి వదిలేసి పడేవాణ్ణి చూడటం మొదలుపెట్టింది. వీపంతా ఒకేసారి ఆనేలా ఎలా పడతాడో, గడ్డం గుండెకి ఎలా ఆనించుకుంటాడో, దెబ్బ తక్కువై చప్పుడు ఎక్కువయ్యేలా అరచేత్తో నేలని ఎలా చరుస్తాడో గమనించింది. గమనించేకొద్దీ ఒకటి అర్థమైంది. కొట్టేవాడు గొప్పవాడిలా కనపడాలంటే పడేవాడికి పని రావాలి. చప్పట్లు మాత్రం నిలబడ్డవాడికే.

ఆమె ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. నేలమాళిగలో గది. మనుషులు విరిగిన మణికట్లూ వాచిన భుజాలూ పట్టుకుని దిగి వస్తుంటారు. "ఎలా తగిలిందండీ?" అని అడగడం పద్ధతి. ఆడవాళ్ళు చాలామంది "స్నానాల గదిలో జారిపడ్డాను" అంటారు. కొందరి తరఫున పక్కనున్న భర్తే చెప్తాడు. స్నానాల గదిలో జారిన మనిషికి చెయ్యి ఎక్కడ విరుగుతుందో, అడ్డం పెట్టుకున్న చెయ్యి ఎక్కడ విరుగుతుందో ఇన్నేళ్ళుగా ఆ గదిలో ఉన్నవాళ్ళకి ఎవరికైనా తెలుస్తుంది. తెలిసినా పెద్ద డాక్టరు అడగడు, ఆమె పైకి అనదు. పక్కన ఎవరూ లేకుండా దొరికినప్పుడు మాత్రం, ఎక్కడికి ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారో మెల్లిగా చెప్తుంది. కొందరు వింటారు, కొందరు విననట్టే గోడకేసి చూస్తారు. అలాంటి ఒకరోజు ఇంటికొచ్చి, కూర తరుగుతూ, పక్కనే నిలబడ్డ మరిదితో అంది: "మీ కుస్తీలో దెబ్బ అబద్ధం, పడటం నిజం. మా గదికొచ్చే వాళ్ళలో పడటం అబద్ధం, దెబ్బ నిజం."

మరిది కళ్ళు మెరిశాయి. "అబ్బ, ఇది వాడేసుకుంటా వదినా" అన్నాడు.

వాడుకున్నాడు కూడా. సగం. "దెబ్బ అబద్ధం, పడటం నిజం" అనే మాట ఇంటర్నెట్‌లో అతను నడిపే కుస్తీ ఛానల్‌కి గుర్తయిపోయింది. అతను దాన్ని టీషర్టు మీద అచ్చువేయించుకుని తిరిగాడు. రెండో సగం ఏమైందని ఆమె అడిగితే, "అది కలిపితే సరదా పోతుంది వదినా" అన్నాడు.

అతను భర్తకి తమ్ముడు. ఫోన్లమ్మే దుకాణంలో పని. వీళ్ళతోనే ఉంటాడు. చెడ్డవాడేం కాదు, నవ్వుముఖం, ఎవరినైనా ఇట్టే కలుపుకునే మనిషి. ఆదివారం సాయంత్రాలు ముందుగదిలో గుండ్రటి దీపం ఒకటి వెలిగించుకుని, కుస్తీ షోల మీద తన అభిప్రాయాలు చెప్తూ ఇంటర్నెట్‌లో పెడతాడు. మొదట్లో ఒక్కరూ చూసేవారు కాదు. అరిచేవాడు, చేతులూపేవాడు, అంతే. ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడి, అంత పెద్ద మ్యాచ్ ఎందుకు చప్పగా ఉందో అర్థం కావట్లేదని గొణిగాడు. ఆమె గిన్నె తోముతూనే చెప్పింది. "బలమైనవాడు బలమైనవాడేనని రాగానే తేలిపోయింది. ఇంక చూడ్డానికేముంది? వీడు ఓడతాడేమో అని ఒక్కసారైనా గుండె జారాలి కదా. దెబ్బలు ఎక్కువై కాదు, భయం లేక చప్పబడింది." అతను అదే మాట కాస్త అరిచి చెప్పాడు. వీడియో కింద జనం మెచ్చుకుంటూ రాశారు.

ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి, ఎవరికి ఎంతసేపు ఇవ్వాలి, ఇవన్నీ తెర వెనక కూర్చుని ఖాయం చేసే పనిని ఆ లోకంలో బుకింగ్ అంటారు. ఆమె దృష్టిలో అది పెళ్ళిభోజనం వడ్డన లాంటిది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే. కాకపోతే, ముందు వరసలో కూర్చున్నా విస్తరి ఖాళీయే. దాని మీద ఆమెకి ఎన్ని అభిప్రాయాలున్నాయో అంతకుముందు ఎవరూ అడగలేదు కాబట్టి ఆమెకే తెలీదు. మరిది అడుగుతుంటే ఊట బావిలా ఊరేవి. అతను ఫోను ఉప్పుడబ్బా పక్కన పెట్టి రికార్డు చేసుకునేవాడు. "కత్తి చప్పుడు వస్తోంది వదినా, కాస్త ఆపి చెప్పవా" అనేవాడు. ఆపితే కూర ఆలస్యమయ్యేది. ఆలస్యమైతే అత్తగారు ముందుగదిలోంచి, "అమ్మాయ్, ఏం చేస్తున్నావింతసేపూ?" అనేది.

"నువ్వు లేకపోతే ఛానలే లేదు వదినా" అనేవాడు మరిది. వంటింట్లో అనేవాడు. ముందుగదిలో, దీపం వెలిగాక, ఎప్పుడూ అనలేదు.

ఒకసారి సిగ్గు విడిచి అడిగింది, తనూ ఒక వారం కూర్చుని మాట్లాడనా అని. అతను ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "కింద ఏమేం రాస్తారో నీకు తెలీదు వదినా. ఆడవాళ్ళంటే అసలు వదలరు. ఆ తలనొప్పి నీకెందుకు?" భర్త పేపరు మడుస్తూ, "ఇంటికి ఒక పిచ్చోడు చాలు" అన్నాడు. అత్తగారు తన వంతు తను అంది. "చెడ్డీలేసుకున్న మగాళ్ళ గురించి నలుగురిలో మాట్లాడతావుటే?" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో రెండు రోజులు దాని గురించే మాట్లాడతారని.

ఆమె చూసే కుస్తీ షోలో కందిరీగ అని ఒక మల్లయోధురాలు ఉంది. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, నలభై దాటిన ముఖం. ఎక్కువగా ఓడిపోవడమే ఆవిడ ఉద్యోగం. ఎవరైనా కొత్తపిల్ల వస్తే ముందు కందిరీగ మీదకి వదిలేవారు, ఆవిడతో ఆడిన పిల్ల మర్నాటికి తారలా వెలిగేది. ఆవిడ పడితే అవతలివాళ్ళ దెబ్బకి విలువొచ్చేది. భుజానికి ఆపరేషన్ అయి చాలాకాలం ఇంట్లో ఉండిపోయింది. మళ్ళీ వస్తోందని, ఏడాదికొకసారి జరిగే పెద్ద షోలో పట్టపురాణి అనే కొత్త విజేతతో ఆడుతుందని ప్రకటించినప్పుడు, ఆమె ఎక్స్‌రే గదిలో ఆ వార్త చదివి ఒక్కతే నవ్వుకుంది. కందిరీగ గెలవదని ఆమెకి తెలుసు. పట్టపురాణి ఆ షో నడిపే కంపెనీవాళ్ళ కంటిపాప. అయినా పర్వాలేదు. ఆవిడ ఎలా ఓడుతుందో చూడాలి.

ఆ సాయంత్రం భర్త తన కరెంటాఫీసు స్నేహితుల్ని ఇంటికి పిలిచాడు. నాటకమని వెక్కిరించే మనిషికి, ఆఫీసులో పై అధికారికి కుస్తీ ఇష్టమని తెలియగానే అది ఆటైపోయింది. ఆమె పొద్దుట్నుంచీ ఒక్క పనీ మిగలకుండా చూసుకుంది. ఇల్లు తుడిచింది, బట్టలారేసింది, రాత్రికి వంట ముందే చేసిపెట్టింది. అన్నీ ముగించి, కందిరీగ పాట మొదలయ్యే వేళకి గోడ పక్కన పీట వేసుకుని కూర్చుంది. కందిరీగ నడిచొస్తోంది. బాగుపడ్డ భుజం మీద పసుపు పట్టీ.

"ఆడవాళ్ళ మ్యాచేగా, ఈలోపు టీ పెట్టు" అన్నాడు భర్త.

"ఇది అయిపోనివ్వండి" అంది ఆమె.

ఆయన స్నేహితుల వంక చూసి చిన్నగా నవ్వాడు. "చూశారుగా మా ఇంటి వ్యవహారం." వాళ్ళూ నవ్వారు. మరిది తల దించుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఆమె లేచింది. పొయ్యి మీద నీళ్ళు పడేసింది. పొడి వేసింది. పాలు పోసి, పొంగు రావడం కోసం చూస్తుండగా గంట మోగింది. అయిపోయిందని చెప్పే గంట. పరుగున గుమ్మంలోకి వస్తే, పట్టపురాణి విజేత బెల్టు పైకెత్తి ఊగుతోంది. కందిరీగ బోర్లా పడి ఉంది. కెమెరా అప్పటికే ఆవిడ మీదనుంచి జరిగిపోయింది.

"అయితే టీ సరిగ్గా టైముకే వస్తుందన్నమాట" అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకాయన.

మర్నాడు బస్సులో ఆ మ్యాచ్ చూసింది. చూడ్డానికి ఎంతోసేపు పట్టలేదు. మళ్ళీ చూసింది. పట్టపురాణి ఒక ఎగురుదెబ్బ లెక్క తప్పి, మోకాలు వంకరగా దిగబోయింది. కందిరీగ గాల్లోనే ఆ పిల్ల నడుము కింద చెయ్యి వేసి, బరువంతా తన మీద వేసుకుని పడింది. అది కూడా ఆపరేషన్ అయిన భుజం మీద. చూసేవాళ్ళకి అది పట్టపురాణి కొట్టిన దెబ్బలా కనిపించింది. తర్వాత మగాళ్ళిద్దరు మైకులు పట్టుకుని ఒకరినొకరు తిట్టుకోవడానికి మాత్రం ఒక సినిమా మొదటిభాగం అంత సమయం ఇచ్చారు. దిగాల్సిన చోటు దాటిపోయాక గమనించి, వెనక్కి నడిచింది.

ఆ సాయంత్రం మరిది వంటింట్లోకి రాగానే మొత్తం చెప్పేసింది. ఆవేశంగానే చెప్పింది. అతను "ఊఁ, ఊఁ" అన్నాడు. రికార్డు చేసుకోలేదు. ఎందుకో మర్నాడు తెలిసింది.

అతని వీడియోలో పట్టపురాణికి ఆకాశమంత పొగడ్త. ఆ తర్వాత ఇది: "అసలు ఆడవాళ్ళ మ్యాచ్ అంటే జనానికి టీ విరామం, ఒప్పేసుకుందాం. మా వదిన పెద్ద అభిమాని. ఆవిడే ఆ మ్యాచ్ మొదలవగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళే చూడకపోతే మగాళ్ళేం చూస్తారు?" వెనకాల రికార్డు చేసి ఉంచిన నవ్వులు పెట్టాడు. ఆ ముక్క ఒక్కటీ కోసి ఎవరో పంచారు, వాళ్ళ దగ్గర్నుంచి ఇంకెవరో పంచారు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు మెట్ల దగ్గర ఆపి, "ఏమ్మా, ఆడవాళ్ళ కుస్తీ వస్తే వంటింట్లోకి పారిపోతావట?" అన్నాడు. ఆయనకి ఆమె పేరు ఎప్పుడూ గుర్తుండదు, ఇది గుర్తుంది. భర్త ఆ వీడియో తన స్నేహితులకి తనే పంపాడు. వీటినన్నిటినీ ఆమె మింగింది. మింగడం అలవాటైన గొంతుకి దారి తెలుసు. కానీ రెండ్రోజుల తర్వాత, మూడో తరగతి చదివే కూతురికి జడ వేస్తుంటే, ఆ పిల్ల అద్దంలో తల్లిని చూస్తూ చాలా మామూలుగా అడిగింది.

"అమ్మా, ఆడవాళ్ళ మ్యాచ్ బావుండదా? బాబాయి అన్నాడు. నీకు కూడా నచ్చదట కదా."

ఆమె చేతిలో జడ పాయలు అలాగే ఉండిపోయాయి. పిల్ల "లాగుతోందమ్మా" అనేదాకా తెలీలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మరిదిని అడిగింది. ఎందుకలా అన్నావని. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "జోకు వదినా. అయినా అందులో అబద్ధమేముంది? లేచి వెళ్ళావు కదా."

వెళ్ళింది. అదే మండింది ఆమెకి. అబద్ధమైతే కాదని చెప్పొచ్చు. జరిగిందే జరిగినట్టు చెప్పి, మనిషిని మాత్రం మార్చేశాడు. ఎక్స్‌రే గదిలో గోడకేసి చూసే ఆడవాళ్ళు గుర్తొచ్చారు ఎందుకో. వాళ్ళ సంగతి వేరు, తన సంగతి వేరు, తనని ఎవరూ వేలితో కూడా ముట్టుకోలేదు. ఆ మాట తనకి తను చాలాసార్లు చెప్పుకుంది ఇన్నేళ్ళలో. ఎవరూ ముట్టుకోలేదు కదా, ఇంకేం కావాలి అని. ఆ రోజు మొదటిసారి ఆ ప్రశ్నకి జవాబు వెతికింది. చాలా దొరికాయి.

ఆ వారం మరిది వంటింట్లోకి వచ్చినప్పుడు, "ఈసారి చెప్పడానికేం లేదు" అంది. అతను కాసేపు తచ్చాడి వెళ్ళిపోయాడు. అభిప్రాయాలు దొరక్క కాబోలు, ఆదివారం షోలో వినేవాళ్ళ చేతే మాట్లాడిస్తానని, ఫోన్ చేయమని ఒక నంబరు పెట్టాడు.

ఆదివారం సాయంత్రం ఇంకా వెలుతురుండగా ఆమె మేడ మీద బట్టలు తీస్తోంది. మరిది గొంతు మెట్ల సందులోంచి ఒకసారి, ఆమె చేతిలో ఫోన్లోంచి కాస్త ఆగి ఇంకోసారి వినపడుతోంది. ఎవరో కుర్రాడు పట్టపురాణి అందం గురించి మాట్లాడి పెట్టేశాడు. దుప్పటి భుజాన వేసుకుని, ఆమె ఆ నంబరు నొక్కింది. నొక్కేదాకా నొక్కుతానని అనుకోలేదు. మోగుతుంటే, ఎవరూ తీయకపోతే బావుండనుకుంది. తీశాడు.

"హలో, మీరు లైవ్‌లో ఉన్నారు. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారండీ?"

"మేడ మీద నుంచి" అంది.

అతని గొంతు ఆగిపోవడం ముందు మెట్ల సందులోంచి వినపడింది, తర్వాత ఫోన్లో. తేలు కుట్టిన దొంగ పరిస్థితి. అరిస్తే ఎవరో తెలిసిపోతుంది. "చె... చెప్పండి మేడమ్" అన్నాడు. జన్మలో ఎప్పుడూ అలా పిలవలేదు.

"కందిరీగ మ్యాచ్ గురించండీ. ఆ మ్యాచ్ మొదలవగానే మీ వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిందన్నారు. నిజమే, వెళ్ళింది. టీ పెట్టమంటే వెళ్ళింది. ఆ టీ మీరూ తాగారు. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం. నేను ఫోన్ చేసింది మ్యాచ్ గురించి."

ఆమె దుప్పటి పిట్టగోడ మీద వేసి, దాని మీద మోచేతులు ఆనించింది.

"కందిరీగ ఓడినందుకు నాకు బాధ లేదు. ఆవిడ ఓడాల్సిందే. ఓడించడం ఆవిడకొచ్చినంత బాగా ఎవరికీ రాదు, అంటే తనని తను ఓడించుకోవడం. నా గొడవల్లా, ఆడనివ్వకుండా ఓడించారు. ఒక పావుగంట ఇచ్చి ఉంటే, ఆ పిల్ల చివర్లో గెలిచేసరికి, ఇంత గట్టిమనిషిని గెలిచిందని జనం లేచి నిలబడేవాళ్ళు. ఇప్పుడేమైంది? కందిరీగకి ఏమీ దక్కలేదు, పట్టపురాణికీ ఏమీ దక్కలేదు. ఊదితే పడిపోయినదాన్ని గెలిస్తే అది గెలుపా? ఆ పిల్ల నెత్తిన కాగితం కిరీటం పెట్టారు. మిగిల్చిన సమయం ఎవరికిచ్చారో అందరం చూశాం. వాళ్ళు ఆడను కూడా ఆడలేదు, మాట్లాడుకున్నారు."

మరిది గొంతు సవరించుకుని, "సరేనండీ, ఇంకో కాల్ ఉంది, కలుపుతున్నా" అన్నాడు. ఆమెని తప్పించడానికే కలిపాడు, కానీ ఆమె కాల్ పెట్టేయడం మర్చిపోయాడో, ధైర్యం చాలలేదో.

కొత్త గొంతు లారీ నడిపే ఆయనది. బండి పక్కకి ఆపి మాట్లాడుతున్నానన్నాడు. "అక్కా, నేను ఒప్పుకోను" అన్నాడు మొదలుపెడుతూనే. "కందిరీగ అంటే నాకూ ఇష్టమే. కానీ అంత అనుభవమున్న మనిషిని చిటికెలో పడగొడితేనే కదా, ఈ పట్టపురాణి ఎంత ప్రమాదమో తెలిసేది? అందర్నీ పావుగంట పావుగంట ఆడిస్తే ఇంక భయమెక్కడ?"

ఆమె ఆలోచించింది. ఇన్నేళ్ళలో ఆమె మాటకి ఎదురు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. నువ్వెందుకు మాట్లాడుతున్నావని అన్నవాళ్ళే అందరూ. నువ్వన్నది తప్పు, ఎందుకంటే, అని అన్నవాడు ఈ లారీ ఆయన ఒక్కడే. ఆ 'ఎందుకంటే' ఆమెకి దాహం వేసినప్పుడు దొరికిన మంచినీళ్ళలా అనిపించింది.

"ఆ మాట బావుంది అన్నా, నేను అలా ఆలోచించలేదు" అంది. "కానీ చిటికెలో పడగొట్టడం భయపెట్టాలంటే, పడే మనిషి విలువ ముందు జనానికి గుర్తు చేయాలి కదా. అన్నాళ్ళ తర్వాత వస్తే ఒక్క మాట చెప్పారా ఆవిడ గురించి? ఒక పాత దృశ్యం వేశారా? ఎవరో తెలీని మనిషిని పడగొడితే ఎవరికి భయం?"

"అది... అది ఒప్పుకుంటానక్కా. అది తప్పే. అయినా మ్యాచ్ పొట్టిగా ఉండటం తప్పు కాదు."

"పొట్టిగా ఉండటం తప్పు కాదు. ఎప్పుడూ ఆడవాళ్ళదే పొట్టిగా ఉండటం తప్పు."

లారీ ఆయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఇంకో అమ్మాయి కలిసింది, కందిరీగ భుజం మీద ఎలా పడిందో తనూ చూశానంది. మాట మీద మాట. కింద నుంచి అత్తగారు, "అమ్మాయ్, బట్టలు తేవడానికి ఇంతసేపా?" అని కేకేయడం కూడా ఆ షోలో అందరికీ వినపడింది. తెర మీద రాతలు పరుగెడుతున్నాయి. ఈవిడ్ని మాట్లాడనివ్వండి అని ఒకరు. పోయి వంట చేసుకోక ఈవిడకెందుకు అని ఇంకొకరు. అంతకన్నా మొరటువి కూడా ఉన్నాయి. కింద ఏమేం రాస్తారో నీకు తెలీదన్నాడు మరిది. ఇప్పుడు తెలిసింది. ఇంట్లో విననిది ఒక్కటీ కొత్తగా లేదు.

కాసేపటికి భర్త మేడెక్కి వచ్చాడు. ఆమె లారీ ఆయనకి ఉంటానని చెప్పి ఫోను పెట్టేసింది.

"వాడి పరువు తీయాలనా?" అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు, పక్క మేడ మీద ఎవరో ఉన్నారు.

"కుస్తీ గురించి మాట్లాడానండీ."

"టీ సంగతి ఎందుకు అక్కడ? చుట్టాలంతా చూస్తారు."

"నేను వంటింట్లోకి వెళ్ళానని చెప్పినప్పుడూ చుట్టాలు చూశారు. ఆ వీడియో మీరే పంపారు."

"వాడికి సారీ చెప్పు, పోయేదేముంది" అన్నాడు.

"దేనికి చెప్పాలో మీరు చెప్పండి" అంది ఆమె. వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆమె కాసేపు ఎదురుచూసి, బట్టల మూటలో సగం తను తీసుకుని, సగం ఆయన చేతుల్లో పెట్టి మెట్లు దిగింది.

సారీతో పని లేకుండానే మరిది రెండో రోజుకి మామూలైపోయాడు. మామూలు కన్నా ఎక్కువే. దుకాణం నుంచి వస్తూనే వంటింట్లోకి దూరాడు. ఎప్పుడూ చూడనంత మంది ఆ షో చూశారట. మేడ మీద వదిన ఏదని అడుగుతున్నారట. "వదినా, వచ్చేవారం నుంచి నువ్వు నా పక్కన కూర్చో. 'వదిన మాట' అని పేరు పెడదాం. చివర్లో ఒక పది నిమిషాలు. నవ్వుతూ సరదాగా ఉండాలి, అన్నయ్యని నేను ఒప్పిస్తాలే."

ఆమె పొయ్యి సిమ్‌లో పెట్టి అతని వైపు తిరిగింది. ఏడాది కిందట ఈ మాట అని ఉంటే ఏడ్చేసేది సంతోషంతో. "పది నిమిషాలని ఎవరు చెప్పారు?" అంది.

"నేనే. ఛానల్ నాదేగా."

"నేను ఏం మాట్లాడకూడదో కూడా నువ్వే చెప్తావా?"

"అబ్బే, అలా కాదు. మూడ్ పాడవకుండా కొంచెం..."

"అయితే వద్దులే నాన్నా" అంది. కోపం లేదు ఆ మాటలో. "ఇంకోటి కూడా. ఇక నుంచి వంటింట్లో నా అభిప్రాయాలు దొరకవు. కూర మాత్రం దొరుకుతుంది. అదీ ఆదివారం సాయంత్రం తప్ప."

"ఆదివారం ఏమైంది?"

ఏమైందో రాత్రి భోజనాల దగ్గర అందరికీ ఒకేసారి చెప్పింది. ఆదివారం సాయంత్రం తనకి పని ఉంటుందని, ఆ పూట వంట ఇద్దరు అన్నదమ్ములు చూసుకోవాలని. అత్తగారు ముద్ద ఆపి కొడుకు వంక చూసింది. "ఏం చేసుకుంటావో చేసుకో, కాదన్నామా? ముందు వంట ముగించి చేసుకో" అన్నాడు భర్త, చాలా ఉదారంగా. చాలా ఏళ్ళుగా ప్రతి కోరికకీ ఆమెకి దొరికిన అనుమతి ఇదే. ముందు అది ముగించు, తర్వాత నీ ఇష్టం. ముగిసే పని కాదు కాబట్టి ఇష్టం దాకా ఎప్పుడూ రాలేదు.

"ముగించనండీ" అంది ఆమె. "మొదలే పెట్టను."

ఆ తర్వాత నాలుగు రోజులూ ఇల్లు ముఖం మాడ్చుకుని ఉంది. తలుపులు కాస్త గట్టిగా పడ్డాయి. అత్తగారు ఫోన్లో ఎవరితోనో ఉద్యోగాలు చేసే కోడళ్ళ గురించి నిట్టూర్చింది. ఆమెకి భయం వేయలేదని కాదు. ప్రతి రాత్రీ, ఇంత గొడవ అవసరమా అనే గొంతు ఒకటి లోపల లేచేది. ఆ గొంతు అచ్చం తన గొంతులాగే ఉండేది. కానీ విని విని, అందులో ఉన్న మాటలన్నీ ఇంట్లోవాళ్ళవే అని కనిపెట్టింది. తనవైన మాటలు కుస్తీ గురించే ఉన్నాయి, అవి మాత్రం కుప్పలుగా ఉన్నాయి.

ఆదివారం సాయంత్రం ఆమె పడకగదిలోకి వెళ్ళి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. దీపం అక్కర్లేదు, ఎండ చాలినంత ఉంది. కూతురు మంచం మీద బొమ్మలేసుకుంటోంది, మాట్లాడకుండా ఉంటానని ఒప్పందం. వంటింట్లో ఏదో గిన్నె కిందపడిన చప్పుడు, ఆ వెంటనే అన్నదమ్ములు ఒకరినొకరు విసుక్కోవడం వినపడ్డాయి. భర్త తలుపు దగ్గరకొచ్చి, ఉల్లిపాయలు ఎక్కడున్నాయని అడిగాడు. ఆమె లేవలేదు. ఉన్నచోటే ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. అడుగుల చప్పుడు కాసేపు ఆగి, వెనక్కి వెళ్ళింది.

ఆమె జుట్టు వెనక్కి సర్దుకుని, ఫోన్లో తన పేరున కొత్తగా తెరిచిన ఛానల్ తీసి, లైవ్ మొదలుపెట్టే ఎర్రచుక్క నొక్కింది. ఎవరూ చూడట్లేదు ఇంకా. ఒక్క మనిషి వచ్చాడు. తర్వాత ఇంకొకరు.

"నమస్కారం" అంది. "ఇక్కడ నేను ఎవరి వదిననీ కాదు, ఎవరి కోడలినీ కాదు. ఈ వారం మ్యాచ్‌లన్నీ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసినదాన్ని. ఇప్పుడు చెప్పబోయేవన్నీ నా అభిప్రాయాలు. వాటిలో తప్పులుంటే అవి కూడా నావే, ఎవరికీ ఇచ్చేది లేదు."